డబ్బుల్లేక కాదు, టేపు పట్టేవాళ్లు లేక

"ఏం చేస్తాం సార్, పరికరాల్లేవు" అనే మాట మన కాలేజీ గ్రౌండ్లలో ఎప్పటినుంచో వింటున్నదే. హర్డిల్స్ సరిపడా లేకపోయినా అదే మాట, డిస్కస్ అంచు లేచిపోయినా అదే మాట. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఈమధ్య ఒక యూనివర్సిటీ అంతర్ కళాశాలల అథ్లెటిక్స్ మీట్‌లో పోల్ వాల్ట్ పోటీని, అంటే పొడవాటి పోల్ ఊతంతో ఎత్తులో పెట్టిన బార్ మీదుగా దూకే పోటీని, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశాక ఆ మాట మీద నాకు నమ్మకం బాగా తగ్గింది. ఆ సాయంత్రం జరిగిన తప్పుల్లో డబ్బు పెడితే తప్ప సరికానివి ఒకటో రెండో. మిగతావాటికి ఒక స్టీలు టేపు, ఒక పార, పోటీకి ముందు ఒక గంట, రూలు పుస్తకంలో ఈ ఈవెంట్ పేజీలు చదివిన ఒక మనిషి ఉంటే చాలు.

యూనివర్సిటీ పేరు రాయడం లేదు. రాస్తే మాటలన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి. పక్క యూనివర్సిటీ వాళ్లు "హమ్మయ్య, మనది కాదు" అనుకుని ఊరుకుంటారు. నేను చూసినంతలో చాలాచోట్ల ఇదే తంతు.

నేనూ కాలేజీలో పోల్ పట్టుకున్నవాణ్ణే. వెదురు బొంగుతో మొదలుపెట్టి, చివరి ఏడాది ఒక సీనియర్ వదిలేసి వెళ్లిన ఫైబర్ పోల్‌తో కొంతకాలం దూకాను. చెప్పుకోదగ్గ ఎత్తులేమీ కాదు. తర్వాత ఉద్యోగం, దాంతోపాటు నడుం నొప్పి. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) ఉన్న స్నేహితుడు "రారా, ఒకసారి చూసిపోదువుగాని" అంటే వెళ్లాను. చూసి రావడం వరకే అనుకున్నాను, రాయాలని అనుకోలేదు.

పిట్ దగ్గర

షెడ్యూల్లో పోల్ వాల్ట్ మధ్యాహ్నం రెండింటికి. రెండింటికి అక్కడ పోల్ ఆనించే గుంట, అంటే బాక్స్, తప్ప ఇంకేమీ లేదు. ఫోమ్ బెడ్లు గ్రౌండ్ అవతలి మూల హైజంప్ దగ్గరున్నాయి. హైజంప్ ముగిశాక ఎన్‌సీసీ కుర్రాళ్లు వాటిని మోసుకొచ్చి, రెండు బెడ్లు పక్కపక్కన వేసి, మధ్యలో సందు పడకుండా నైలాన్ తాడుతో బిగించారు. బాక్స్‌కి రెండు పక్కలా ముందుకు రావాల్సిన ముక్కలు లేవు. వాటి బదులు జిమ్నాస్టిక్స్ మ్యాట్లు మడిచి పెట్టారు. నాలుగు దాటింది.

బాక్స్ సంగతి ఇంకా ఘోరం. పోల్ మొన వెళ్లి తగిలే ఆ గుంట మీటరు పొడవుంటుంది. ముందు 60 సెంటీమీటర్ల వెడల్పు, వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి 15, అక్కడ లోతు 20. ఆ 20లో సగం దాకా మట్టి, వేపాకులు పేరుకుని గట్టిపడిపోయాయి. పోటీకి వచ్చిన కుర్రాళ్లే వాటర్ బాటిల్ అడుగు కోసి, దాంతో గీరి గీరి బయట పోశారు. ఒక పార తెప్పిద్దామని ఎవరికీ తోచలేదు. తోటమాలి అక్కడికి పిలిచినంత దూరంలోనే క్రోటన్ మొక్కలకి పాదులు చేస్తున్నాడు, పారతోనే.

దీన్ని శుభ్రత విషయంగా చూస్తే పొరపాటు. బాక్స్‌లో మట్టి ఉంటే మొన వెనక గోడకి ఆనదు, పైపైన జారుతుంది. కుర్రాడు అప్పటికే పూర్తి వేగంలో ఉంటాడు, కాళ్లు నేలమీద ఉండవు. పోల్ నిలబడకపోతే వాడు పడేది ఫోమ్ మీద కాదు, బాక్స్ అంచు మీద.

తర్వాత బార్. పోల్ వాల్ట్ బార్ నాలుగున్నర మీటర్లు, హైజంప్ బార్ నాలుగు. అసలు బార్ పోయినేడాది విరిగిందట. హైజంప్ బార్‌నే తెచ్చారు. పొడవు చాలదు కాబట్టి స్టాండ్లని లోపలికి జరిపారు. 4.30 మీటర్ల దాకా ఉండాల్సిన ఎడంలో దాదాపు అర మీటరు తగ్గిపోయింది. అంటే కొంచెం పక్కకి వంగి దిగే కుర్రాడికి ఇనప స్టాండు అంత దగ్గరికొచ్చిందన్నమాట. దానికి మెత్త కూడా కట్టలేదు. కొత్త బార్‌కి డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. కానీ అది విరిగి ఏడాదైంది.

నేల ఎగుడు దిగుడుగా ఉందని ఒక స్టాండు కింద ఇటుకలు పెట్టారు. పెట్టొచ్చు. కానీ ఆ తర్వాత ఎత్తు చూసుకున్నది స్టాండు మీద పెయింటుతో గీసిన అంకెల్ని బట్టి. ఎత్తంటే నేల నుంచి బార్ పైఅంచులో అన్నిటికంటే కిందుగా ఉన్న చోటికి, అంటే మధ్యలో సాగిన చోటికి, నిలువుగా టేపు పెట్టి కొలవాలి. ఇటుకలెక్కిన స్టాండు మీది అంకె దేన్ని చెప్తుందో దేవుడికే తెలియాలి. టేపు లేదా అంటే ఉంది, లాంగ్‌జంప్ దగ్గర. అడిగితే ఇచ్చేవాళ్లే.

ఇంకొకటి చూసి నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. సాయంత్రం గాలికి బార్ ఊరికే పడిపోతోంది. ఎవరో సాయం చేద్దామని సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, బార్ ఆనే పెగ్గులకి రెండు చుట్లు చుట్టారు. ఆయన మనసు మంచిదే. ఆ తర్వాత బార్ గాలికి పడలేదు. తగిలినా పడలేదు. పెగ్గులు నునుపుగా ఉండాలని, రబ్బరులాంటిదేదీ చుట్టకూడదని, బయటికి 55 మిల్లీమీటర్లకి మించి ఉండకూడదని రూలు పెట్టింది ఇందుకే. బార్ కొంచెం తగిలితే పడాలి. అదే ఈ ఆట.

ఒక ఎర్ర జెండా

బరిలో ఉన్నవాళ్లు తక్కువే. అందులో సగంమంది మొదటి ఎత్తుల్లోనే వెనుదిరిగారు. నిజంగా వాల్ట్ చెయ్యడం వచ్చినవాళ్లు నలుగురు. నలుగురికీ కలిపి ఒకే పోల్, 13 అడుగులది. స్టిక్కర్ మీద 140 పౌండ్లని ఇంకా చదవగలిగేలా ఉంది. రూలు ప్రకారం ఒకరి పోల్ ఇంకొకరు వాడాలంటే సొంతదారు ఒప్పుకోవాలి. ఆ కుర్రాడు అడగకుండానే అందరికీ ఇచ్చాడు. ఆ రోజు నాకు మనసారా నచ్చిన విషయం ఇదొక్కటే.

3.10 మీటర్ల దగ్గర నీలం బనియన్ వేసుకున్న కుర్రాడు మొదటి ఛాన్స్‌లోనే చక్కగా దాటాడు. బార్‌కి, వాడి పొట్టకి మధ్య చెయ్యి పట్టేంత సందుంది. దిగి లేచేసరికి ఎర్ర జెండా, అంటే ఫెయిల్యూర్. వాడికి అర్థం కాలేదు, మాకూ అర్థం కాలేదు. జెండా పట్టిన సార్ చెప్పిన కారణం: పోల్ వంగినప్పుడు మ్యాట్‌కి తగిలింది.

ఫైబర్ పోల్ వంగుతుంది. వంగితే ముందుభాగం మ్యాట్‌కి తగలొచ్చు. పోల్‌ని బాక్స్‌లో సరిగ్గా ఆనించాక అది మ్యాట్‌కి తగిలితే ఫెయిల్యూర్ కాదని రూలులో ప్రత్యేకంగా ఒక నోట్ ఉంది. ఈ గొడవ అంతటా వచ్చేదే కాబట్టే ఆ నోట్ పెట్టి ఉంటారు. బార్ దాటకుండా శరీరంతోగానీ పోల్‌తోగానీ బాక్స్ వెనక గీత అవతల నేలని తాకితే ఫెయిల్యూర్. సార్ ఈ రెండిటినీ కలిపేసుకున్నారు.

ఆ కుర్రాడు ఒకే ఒక్క మాటన్నాడు. "సార్, పోల్ తగిలితే ఫౌల్ కాదు కద సార్."

"రూల్స్ నాకు చెప్తావా?"

అంతే. వాడు పోల్ తీసుకుని వెనక్కి నడిచాడు. రెండో ఛాన్స్‌లో 3.10 దాటాడు. 3.20 మొదటి ఛాన్స్‌లోనే దాటాడు.

వాడితో పోటీ పడుతున్న తెల్ల బనియన్ కుర్రాడు 3.10ని, 3.20ని మొదటి ఛాన్స్‌లోనే దాటాడు. 3.20 దగ్గర వాడి తొడ తగిలి బార్ ఎగిరి, పెగ్గుల మీద రెండుసార్లు ఊగి, మళ్లీ కుదురుకుంది. సైకిల్ ట్యూబు పుణ్యం. తప్పు వాడిది కాదు. బార్ పడలేదు కాబట్టి తెల్ల జెండా న్యాయమే.

అప్పటికి ఎండ పూర్తిగా పోయింది. బహుమతులివ్వాల్సిన ముఖ్య అతిథి వచ్చేశారు, మైకులో రెండుసార్లు పిలుపొచ్చింది. అప్పటిదాకా పది సెంటీమీటర్ల చొప్పున పెంచుతున్న బార్‌ని ఒక్కసారిగా 3.50కి ఎత్తేశారు. మిగిలిన నలుగురూ మూడేసి ఛాన్సులూ పోగొట్టుకుని అక్కడే ఆగిపోయారు. పావుగంటలో పోటీ అయిపోయింది, నిర్వాహకులకి కావలసిందీ అదే.

పెంచే తేడా పోటీ సాగేకొద్దీ తగ్గొచ్చుగానీ పెరగకూడదు. ఒక్కరే మిగిలి గెలిచేస్తే అప్పుడు వేరే సంగతి. ఇది ఎవరికీ తెలియని మూలసూత్రమేమీ కాదు, హైజంప్‌కీ ఇదే రూలు. 3.30 పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నీలం బనియన్ కుర్రాడు దాటేవాడేమో, దాటకపోయేవాడేమో. ఆ ప్రశ్నకి జవాబు దొరకాల్సింది బార్ దగ్గర. దొరికింది స్కోర్ షీట్‌లో. ఇద్దరికీ 3.20. ఆ ఎత్తు దగ్గర ఇద్దరికీ ఫెయిల్యూర్‌కి వేసే ఇంటూ గుర్తు లేదు. మొత్తం మీద చూస్తే నీలం బనియన్‌కి ఒక ఇంటూ ఉంది, 3.10 దగ్గరిది. ఎత్తు సమానమైనప్పుడు ఫెయిల్యూర్లు లెక్కబెట్టే కౌంట్‌బ్యాక్‌లో వాడు రెండోవాడయ్యాడు.

ఆ ఏడాది ఆ యూనివర్సిటీ ఖర్చు తగ్గించుకోవడానికి మొదటి స్థానం వచ్చినవాళ్లనే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి పంపుతోందట. అంటే ఒక నోట్ చదవని జెండా, రెండు సైకిల్ ట్యూబు ముక్కలు, ఒక ముఖ్య అతిథి కలిసి ఎవరు రైలెక్కాలో తేల్చేశారు. ఇందులో ఏ ఒక్కదానికీ పరికరాల కొరతతో సంబంధం లేదు.

సార్‌కి ఎదురు చెప్పడం

ఆ ఎర్ర జెండా సార్‌ని దుర్మార్గుడిగా చూపించడం నాకిష్టం లేదు. ఆయన కబడ్డీ ఆటగాడు, కబడ్డీలో ఆయన ఈల వేస్తే ఎవరూ నోరెత్తరట, అంత సరిగ్గా చెప్తాడట. ఆ రోజు ఉదయం డ్యూటీ చార్ట్‌లో ఆయన పేరు పోల్ వాల్ట్ కింద పడింది. పొద్దున ఎనిమిది నుంచి ఎండలో ఉన్నారు. కుర్రాడి ప్రశ్నకి ఆయన కోపగించుకున్నది తెలిసి కాదు, తెలియకపోవడం బయటపడుతుందేమోనని. నేను ఆఫీసులో ఇలాంటి కోపాలు చాలా చూశాను.

నన్ను బాధపెట్టింది ఆ కుర్రాడు వెంటనే ఊరుకోవడం. అక్కడికక్కడే నోటిమాటగా అభ్యంతరం చెప్పే హక్కు వాడికుంది. చెప్తే రిఫరీ ఆ ఛాన్స్‌ని పక్కన నమోదు చేయించి, తర్వాత తేల్చవచ్చు. ఆ మాట వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా వాడుకునేవాడా అన్నది వేరే ప్రశ్న. అటెండెన్స్ నుంచి స్పోర్ట్స్ సర్టిఫికెట్ మీద సంతకం దాకా అన్నీ పీడీ సార్ల చేతుల్లో ఉంటాయి. ఇవాళ జెండా పట్టిన సార్ రేపు సెలక్షన్ కమిటీలో ఉంటారు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న పిల్లాడు అంత దూరం ఆలోచించకుండా ఉంటాడా?

పెద్ద పోటీల్లో తప్పులు జరగవా అంటే జరుగుతాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా వాల్టర్ బాబ్ సీగ్రెన్ వాడుతున్న కొత్తరకం పోల్‌ని ఒకసారి నిషేధించి, ఆ నిషేధం ఎత్తేసి, చివరి నిమిషంలో మళ్లీ నిషేధించారు. అలవాటు లేని పోల్‌తో దూకి రెండో స్థానంలో నిలిచాడు. తూర్పు జర్మనీ వాల్టర్ వోల్ఫ్‌గాంగ్ నార్డ్‌విగ్ గెలిచాడు. 1896 నుంచి ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్‌ని వదలకుండా గెలుస్తూ వచ్చిన అమెరికా పరంపర అక్కడ ఆగింది. పోటీ అయ్యాక సీగ్రెన్ తన చేతికి అంటగట్టిన ఆ పోల్‌ని తీసుకెళ్లి అంతర్జాతీయ సమాఖ్య అధికారి చేతిలోనే పెట్టేశాడు. 2008 బీజింగ్‌లో బ్రెజిల్ అమ్మాయి ఫాబియానా మురేర్‌కి ఫైనల్ మధ్యలో తన పోల్స్‌లో ఒకటి కనిపించలేదు. నిర్వాహకులు ఎక్కడో పెట్టేశారు. ఆమె పోటీ ఆపి వెతకమని నిలదీసింది. దొరకలేదు, పదో స్థానంలో మిగిలింది. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఒలింపిక్స్‌లోనే దిక్కులేదు, మన కాలేజీ మీట్‌లెంత అని సర్దిచెప్పుకోవడానికి వీటిని గుర్తు చెయ్యడం లేదు. సీగ్రెన్, మురేర్ ఇద్దరూ ఓడిపోయారు, కానీ ఇద్దరూ అడిగారు. అడిగారు కాబట్టే ఆ తప్పులు ఇప్పటికీ అందరికీ తెలుసు. మన గ్రౌండ్లో జరిగిన తప్పుకి మిగిలిన ఆధారం స్కోర్ షీట్ మీద ఒక ఇంటూ గుర్తు. అది న్యాయమైన ఇంటూ లాగే కనిపిస్తుంది.

స్నేహితుడి వాదన

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర వాడితో అన్నాను. వాడు ఓపిగ్గా విని, "నువ్వు రూలు పుస్తకం చదివావురా, నేను మీట్ నడపాలి" అన్నాడు.

వాడి లెక్క కొట్టిపారేసేది కాదు. రెండు రోజుల్లో అబ్బాయిలకి, అమ్మాయిలకి అన్ని ఈవెంట్లూ పూర్తిచెయ్యాలి. దూరం నుంచి వచ్చిన కాలేజీలు రెండో రోజు సాయంత్రం బస్సులకి టైమైందని గొడవ పెడతాయి. వందమీటర్ల పరుగులో అరవై మంది ఉంటే అరగంటలో అయిపోతుంది. పోల్ వాల్ట్‌లో నలుగురికి మూడు గంటలు. "ఆ నలుగురి కోసం నలుగురు అఫీషియల్స్‌ని అక్కడ కట్టేస్తే మిగతా గ్రౌండ్ ఎవరు చూస్తారు?" అన్నాడు. దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. ఒక్కటే అడిగాను, నలుగురిని అక్కడ పెట్టారు కదా, మరి ఆ నలుగురిలో ఒక్కరికైనా ముందురోజు రాత్రి ఆ నాలుగు పేజీలు ఇచ్చారా అని. వాడు పెరుగన్నం కలుపుకుంటూ ఊరుకున్నాడు.

వాడి ఇంకో మాట నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. "నువ్వు దూకిన రోజుల్లో బాక్స్ లోతు ఎవడైనా కొలిచాడా? ఇసుకలో పడి లేచావుగా. ఇప్పుడు రూల్సంటూ కూర్చుంటే నీలాంటోడికి అసలు బొంగు దొరికేదా?"

దొరికేది కాదు. వెదురు బొంగుతో, అల్యూమినియం పోల్‌తో, ఇసుక గుట్టల్లోకి దూకి ఈ ఆటని బతికించిన తరాలున్నాయి మన దేశంలో. విజయ్‌పాల్ సింగ్ 1987లో దూకిన 5.10 మీటర్లు రెండు దశాబ్దాలకి పైగా జాతీయ రికార్డుగా నిలిచిందంటే ఆ తరం ఎంత గట్టిదో, ఆ తర్వాత మనం ఎంత నెమ్మదిగా కదిలామో రెండూ తెలుస్తాయి. కానీ వెదురు బొంగు అంతగా వంగదు, మనిషిని అంత ఎత్తుకి విసరదు. ఫైబర్ పోల్ విసురుతుంది. ఇసుక గుట్ట రోజుల ధైర్యాన్ని ఫైబర్ పోల్‌కి తగిలించడం కుదరదు. ఫైబర్ కొనుక్కున్నాం, దానికి తగ్గ మ్యాట్ కొనలేదు, అదే చిక్కు.

ఆ రోజు డెకాథ్లాన్ కుర్రాళ్లు కూడా అదే పిట్‌లో దూకారు. నాకు ఎక్కువ భయమేసింది వాళ్లని చూసే. పది ఈవెంట్ల డెకాథ్లాన్‌లో పోల్ వాల్ట్ ఎనిమిదోది. ఒక్క ఎత్తయినా దాటకపోతే సున్నా పాయింట్లు కాబట్టి, వాల్ట్ రానివాళ్లు కూడా పోటీకి కొద్దిరోజుల ముందు పోల్ పట్టుకుంటారు. వాళ్లలో ఒకడు షాట్‌పుట్ వేసే బాపతు, ఎంత లేదన్నా 80 కిలోలుంటాడు. వాడు పట్టుకున్నది అదే 140 పౌండ్ల పోల్, అంటే 64 కిలోల లోపు మనిషికి చేసింది. దూకేటప్పుడు పోల్ విరిగితే దాన్ని ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టరు, మళ్లీ ఛాన్స్ ఇస్తారు. రూలు దయగలదే. ఏ పోల్‌తో దూకాలో మాత్రం రూలు చెప్పదు, అక్కడున్నది ఒక్కటే. ఆ ఒక్కటీ విరిగితే మిగతావాళ్ల పోటీ కూడా అక్కడితో సరి. అదృష్టం బాగుండి విరగలేదు.

డబ్బు నిజంగా కావలసిన చోటు

పోల్స్ ఖరీదు గురించి నేను వాదించను. మంచివి విదేశాల నుంచే రావాలి. రవాణా, కస్టమ్స్ కలిపితే ఒక్కోటీ లక్ష దగ్గరికి వెళ్లడం మామూలే. అదీ ఒకటి కొంటే సరిపోదు, బరువుని బట్టి, ఎత్తుని బట్టి మార్చుకుంటూ పోవాలి. కొన్నాక దాన్ని ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లడం ఇంకో బాధ. నాలుగు మీటర్ల గొట్టాన్ని స్లీపర్ బోగీలో ఎక్కడ పెట్టాలో టీసీకీ తెలియదు, మనకీ తెలియదు. ఇదంతా ఒక కాలేజీ వల్ల అయ్యే పని కాదు.

మ్యాట్లు అలా కాదు. అవి పోటీ నడిపేవాళ్ల బాధ్యత. 2002 ఫిబ్రవరిలో అమెరికాలో బిగ్ టెన్ అనే యూనివర్సిటీల కూటమి ఇండోర్ పోటీల్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి కెవిన్ డేర్ వాల్ట్ మధ్యలో కిందికి వచ్చేసి, తల బాక్స్‌కి తగిలి చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు. అది ఇంటర్ కాలేజ్ పోటీయే, అక్కడ పరికరాల కొరత ఏమీ లేదు. ఆ ఏడాది అక్కడ హైస్కూలు వాల్టర్లు కూడా చనిపోయారు. మరుసటి ఏడాదికల్లా కాలేజీలకీ, హైస్కూళ్లకీ మ్యాట్ల కనీస సైజు పెంచారు. కొన్నేళ్లకి బాక్స్ చుట్టూ మెత్తటి కాలర్ తప్పనిసరి చేశారు. హెల్మెట్ పెట్టాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. సరైన మ్యాట్ ఉన్నచోటే అంత జరిగితే, తాడుతో కట్టిన రెండు హైజంప్ బెడ్ల మీద మనం ఏం నమ్మకంతో పిల్లల్ని దూకిస్తున్నాం?

నేను అడిగేది ఇక్కడే కొంచెం కఠినంగా ఉంటుంది. బార్ లేదంటే అరువు తెచ్చుకోవచ్చు. టేపు, పార, జెండా, స్టాప్‌వాచ్ అన్నీ గ్రౌండ్లోనే ఉన్నాయి. కానీ మ్యాట్లు సరిపోకపోతే, బాక్స్ వెనక గోడ దెబ్బతిని ఉంటే, పోటీ మొదలుపెట్టకుండా ఆపే అధికారం ఒక మనిషికి ఉండాలి. ఆ మనిషి ఆతిథ్య కాలేజీవాడు కాకూడదు. ఆపితే ఈవెంట్ పోదు. పక్క జిల్లాలో సింథటిక్ ట్రాక్ ఉన్నచోట, సరైన పిట్ ఉన్నచోట, వారం తర్వాత పెట్టుకోవచ్చు. వచ్చేది నలుగురే కదా. నలుగురే అన్నది ఇప్పటిదాకా నిర్లక్ష్యానికి సాకుగా పనికొచ్చింది, ఈ ఒక్కసారి సౌకర్యంగా వాడుకుందాం.

స్నేహితుడు దీనికి ససేమిరా అంటున్నాడు. ఒకసారి వాయిదా వేస్తే మళ్లీ ఎవరూ పెట్టరంటాడు. వచ్చే ఏడాది ఈవెంట్ల జాబితాలోంచే తీసేస్తారంటాడు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఆ మీట్‌లో అమ్మాయిలకి పోల్ వాల్ట్ లేదు. ఎందుకని ఆఫీసులో అడిగితే ఎంట్రీలు రాలేదన్నారు. ఎంట్రీ ఫారం ఒకటి తీసుకుని చూశాను, అందులో ఆ ఈవెంట్‌కి గడే లేదు. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఉన్న ఈవెంట్ ఇది. ఇక్కడ ఎప్పుడు తీసేశారో, అసలు ఎప్పుడైనా పెట్టారో చెప్పగలిగినవాళ్లు కనిపించలేదు. కాబట్టి వాడు చెప్పేది జరగదని నేను అనలేను. జాబితాలో ఉంచడం కోసం పిల్లల మెడలు పణంగా పెట్టాలా అన్నదే నా ప్రశ్న. వాడేమో జాబితాలో లేకపోతే ఏ పిల్లాడికీ మ్యాట్ కొనే అవసరమే రాదంటాడు.

చివరికి రెండింటికి ఒప్పుకున్నాడు. పోల్ వాల్ట్‌ని మొదటి రోజు ఉదయం పెట్టించడానికి, జెండా పట్టేవాళ్లకి ఆ పేజీలు తెలుగులో రాయించి ముందురోజే జిరాక్స్ ఇవ్వడానికి. తెలుగులో రాసే పని నా నెత్తిన వేశాడు, సరేనన్నాను. ఉదయం పెడితే రన్‌వే మీద మంచు తడి ఉంటుందని అప్పుడే కొత్త సందేహం మొదలుపెట్టాడు. పోటీ ఆపే అధికారం సంగతి మాత్రం మా మధ్య ఇంకా తెగలేదు. స్పోర్ట్స్ బోర్డు మీటింగ్‌లో ఆ అంశాన్ని తనే పెడతానన్నాడు, వ్యతిరేకించడానికే అయినా.